నల్గొండలో సీనియర్ దగ్గర చేరాలా, హైదరాబాద్ లా ఫర్మ్‌కు పోవాలా?

కొత్త_కోటు:
ఎల్‌ఎల్‌బీ అయింది, ఎన్‌రోల్ అయ్యాను, బార్ ఎగ్జామ్ పాసయ్యాను. కోర్టు పనే చేయాలని ఉంది. లిటిగేషన్ చూసే హైదరాబాద్ ఫర్మ్‌లకు రెజ్యూమెలు పంపితే ఒక్క జవాబూ లేదు. ఇంట్లోవాళ్లు నల్గొండలోనే ఎవరైనా సీనియర్ దగ్గర చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

మూసీ_ఒడ్డు:
రెజ్యూమె పంపి కూర్చుంటే రాదు. ముందు ఇంటర్న్‌గా తీసుకోమని అడుగు. పని చూశాకే ఉంచుకుంటారు.

పానగల్లు_ప్లీడర్:
తమ్మీ, ముందు ఇక్కడ రెండేళ్లు చేయి. ఫర్మ్‌లో నువ్వు రీసెర్చ్ చేస్తే వాదించేది పార్ట్‌నర్. ఇక్కడ ఒక ఇంజంక్షన్ దావా వేసి చూడు. ఆస్తి షెడ్యూల్‌లో హద్దులు సరిగ్గా లేవని రిటర్న్ వేసి దావా తిప్పి పంపుతారు. సరిచేసి మళ్లీ వేసి దావాకు నంబర్ పడేదాకా కోర్టు ఆఫీసు సెక్షన్ చుట్టూ తిరిగితే, ప్లెయింట్ అంటే దావా పత్రం ఎలా ఉండాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 7 దానంతటదే వంటబడుతుంది.

పాలమూరు_బిడ్డ:
సార్, తిరగడానికి ఎంతిస్తారు? జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది. మీ బార్ అసోసియేషన్‌లో ఎవరిస్తున్నారు?

పానగల్లు_ప్లీడర్:
అది సిఫారసు. తప్పనిసరి అని ఎక్కడుందో చూపించు. ఫర్మ్‌లో ఇచ్చేదీ జీతం కాదు. అడ్వకేట్ ఫుల్ టైమ్ జీతానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ రూల్ 49. రిటైనర్ ఫీజు అని పేరు పెట్టి, టీడీఎస్ కోసి ఇస్తారు.

పాలమూరు_బిడ్డ:
ఏ పేరుతో ఇస్తేనేం, నెల తిరిగేసరికి ఖాతాలో పడుతుంది. రూమ్ కిరాయి అడిగేవాడికి రూల్ 49 చూపిస్తే ఊరుకుంటాడా?

పానగల్లు_ప్లీడర్:
సర్క్యులర్ చదివావా లేదా, అది చెప్పు ముందు.

చిట్యాల_చందు:
సర్క్యులర్ గోల ఆపి పిల్లోడికి జవాబు చెప్పండి సార్లూ.

పానగల్లు_ప్లీడర్:
చెబుతున్నా. నా దగ్గర ఓనమాలు నేర్చుకున్నవాడు పోతూ పోతూ నా పార్టీలనే, అంటే క్లయింట్లనే, వెంటేసుకుపోయాడు. ఇప్పుడు ఎదురు టేబుల్‌లో కూర్చుని దండం పెడతాడు. వాయిదా ఫీజుకే పార్టీల వెంట పడాల్సిన చోట వీళ్లకు 15,000 ఎక్కడి నుంచి తేవాలి?

పాలమూరు_బిడ్డ:
డబ్బు సంగతి వదిలేయండి. నేనూ ఒక సీనియర్ దగ్గర చేశాను. ప్లెయింట్ రాసింది నేను, రిటర్న్‌లు సరిచేసింది నేను, సాక్షిని తయారు చేసింది నేను. ఎదుటి సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసే రోజు వచ్చేసరికి ఫైలు వాళ్లబ్బాయి చేతికి పోయింది. నన్ను వేరే కోర్టుకు పంపి కేసు కాసేపాగి పిలవమని పాస్‌ఓవర్ అడగమన్నారు. పెట్రోల్ డబ్బులు ఇవ్వకపోయినా అంత మండలేదు. మా నాన్న ముంబైలో మట్టి పని చేసినవాడు, నాకు ఫైలు ఎవరిస్తారు?

పానగల్లు_ప్లీడర్:
కొడుక్కి ఇవ్వక ఊరివాళ్లకిస్తారా? ఆ ఆఫీసు ఒక్కరోజులో నిలబడలేదు. ఫర్మ్‌లలో పార్ట్‌నర్ల పిల్లలు లేరా?

పాలమూరు_బిడ్డ:
ఉన్నారు. అయినా అక్కడ క్లయింట్ తన లాయర్లు ఎవరో రాసిచ్చే వకాలత్‌లో నా పేరుంది.

నీలగిరి_లాయరమ్మ:
హమ్మయ్య, ఇంతసేపటికి అసలు గొడవ బయటపడింది. తమ్ముడూ, జడ్జి పరీక్ష రాసే ఆలోచన ఉంటే ఇంకోటి చూసుకో. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పదేళ్ల అనుభవమున్న అడ్వకేట్ సర్టిఫికెట్ ఇస్తే దానిపై జిల్లా జడ్జి ఎండార్స్ చేయాలి. సీనియర్‌తో చెడి బయటికొస్తే ఆ కాగితం కోసం ఇంకొకరి కాళ్లు పట్టుకోవాలి. నేను పట్టుకున్నా.

కొత్త_కోటు:
మరి ఫర్మ్‌లో డ్రాఫ్టింగ్ మాత్రమే చేస్తే ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు మేడమ్?

పానగల్లు_ప్లీడర్:
అదీ అడగాల్సిన ప్రశ్న! సోమవారం పదిన్నరకు బార్ రూమ్‌కు రా, మాట్లాడుదాం. 15,000 మాత్రం అడగకు.

పాలమూరు_బిడ్డ:
పో తమ్ముడూ. వకాలత్‌లో నీ పేరు రాస్తాడేమో అడుగు, ఏమన్నాడో ఇక్కడే వచ్చి చెప్పు.