లేని పాత ఫొటోలు పుట్టించడం చరిత్రకు మేలా, కీడా?

వేణు:
అమెరికన్ దర్శకురాలు షెరిల్ డున్యే 1996లో తీసిన ‘ది వాటర్‌మెలన్ ఉమన్’ సినిమా చూశాను. 1930ల నాటి ఫే రిచర్డ్స్ అనే నల్లజాతి నటి ఆచూకీ కోసం ఒకమ్మాయి వెతకడమే కథ. తీరా చూస్తే అలాంటి నటి లేనే లేదు. ఆమెవని చూపించిన ఫొటోలు జోయీ లెనర్డ్ అనే ఫొటోగ్రాఫర్ ఈ సినిమా కోసం తీసినవి, మొత్తం 82. కొన్నిటిని చింపి, గీతలు పెట్టి మరీ పాతవాటిలా చేశారు. ఇది కల్పన అని చివర్లో ఒక కార్డు వేశారు, నిజమే. కానీ ఫొటో ఒక్కటే నెట్‌లో తిరిగితే ఆ కార్డు దాని వెంట రాదు. రేపు అసలైన ఫొటో దొరికినా జనం అనుమానిస్తారు. పోయిన చరిత్రను వెతకాలి గానీ తయారు చేయకూడదు.

సుజాత:
వేణు గారూ, వెతకడానికి ఏదైనా మిగిలితే కదా! పనిమనిషి వేషాలు వేసిన నల్లజాతి నటీమణుల పేర్లు చాలా సినిమాల్లో టైటిల్స్‌లోనే వేయలేదు. పేరే లేని మనిషిని ఏ బీరువాలో వెతుకుతాం? 1913లో బయోగ్రాఫ్ అనే సినిమా కంపెనీ నల్లజాతి హాస్యనటుడు బర్ట్ విలియమ్స్‌తో ఒక సినిమా షూటింగ్ చేసి, ఎడిటింగ్ కూడా చేయకుండా వదిలేసింది. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం దాచిన ఆ రీళ్లు 2014లో గానీ జనం ముందుకు రాలేదు. విలియమ్స్ ముఖానికి అప్పటి రివాజు ప్రకారం నల్లరంగు ఉంటుంది, చుట్టూ ఉన్న నల్లజాతి నటులకు ఉండదు. వాళ్లు రంగులరాట్నం ఎక్కుతారు, డాన్స్ చేస్తారు, ప్రేమికులు ముద్దు పెట్టుకుంటారు. అంత మామూలు సంతోషం వందేళ్లు డబ్బాల్లో పడి ఉంది! దర్శకురాలు గారెట్ బ్రాడ్లీ 2019లో ‘అమెరికా’ తీస్తూ, ఆ ముక్కల పక్కన తను కొత్తగా తీసిన 12 బ్లాక్ అండ్ వైట్ ఘట్టాలు చేర్చింది. అందులో మోసం ఏముంది?

రహీమ్:
ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి సుజాత గారూ. బ్రాడ్లీ చేతిలో అసలు రీలు ఉంది, డున్యే చేతిలో ఏమీ లేదు. నాకైతే దర్శకుడు క్రిస్టఫర్ హ్యారిస్ దారి నచ్చింది. ‘స్టిల్/హియర్’ (2000)లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం ఉత్తర భాగంలో నల్లజాతి వాళ్లు బతికిన వీధులను, కూలుతున్న ఇళ్లను, పాడుబడిన సినిమా హాలును అలాగే చూపిస్తాడు. తెర మీద మనుషులు దాదాపు కనిపించరు, ఎక్కడో ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఖాళీని పూడ్చకుండా ఖాళీగానే చూపించాడు.

సుజాత:
బాగుంది, కానీ ఆ ఫోన్ ఎవరిదో తెలియదు కదా! తనలాంటి నల్లజాతి లెస్బియన్లు తనకంటే ముందూ సినిమాల్లో ఉన్నారన్న ధైర్యం డున్యేకి కావాలి. శిథిలాలు చూసి ఆ ధైర్యం ఎలా వస్తుంది?

వేణు:
ధైర్యం కావాలంటే ఆ కాలపు నల్లజాతి నటీమణులు లూయీస్ బీవర్స్, థెరెసా హారిస్ నిజంగా ఉన్నవాళ్లే, వాళ్ల సినిమాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. లేని ఫే రిచర్డ్స్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, వీళ్ల పేర్లు ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. నా అభ్యంతరం సరిగ్గా ఇదే.