పాప క్లాసులో "ఏటి" అందని అందరూ నవ్వారంట, ఏం చెయ్యమంటారు?

మధురవాడ అమ్మ:
అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర ఊరు, వైజాగొచ్చి రెండేళ్ళవుతోంది, పాప ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతి. మొన్న తెలుగు పీరియడ్‌లో మేడమ్ పిలిస్తే "ఏటి మేడమ్" అందంట, క్లాసంతా నవ్వారు, మేడమ్ కూడా నవ్వి "ఇదేం మీ ఊరు కాదు, సరిగ్గా మాట్లాడు" అన్నారంట. అప్పట్నుంచి జవాబు తెలిసినా చెయ్యెత్తట్లేదు. అది సరే, రోజూ రాత్రి అమ్మమ్మతో ఫోన్లో ఆపకుండా కబుర్లు చెప్పే పిల్ల, నిన్న పక్కింటి పాప ఆడుకోడానికొచ్చిందని ఫోన్ పట్టుకుని బాత్రూమ్‌లోకెళ్ళి తలుపేసుకుంది. మా అమ్మేమో "ఏటయినాదే గుంటకి, ఫోను బేగి పెట్టీసినాది" అని నన్నడుగుతోంది, నేనేం చెప్పను? మా ఆయన ఇంట్లో కూడా మన యాస మానేద్దాం, పిల్ల కోసమే కదా అంటున్నారు. నాకు మనసొప్పట్లేదండి. మీ పిల్లలకి ఇలా జరిగితే ఏం చేశారు?

చోడవరం కుర్రాడు:
అక్కా, బావగారి మాట కొట్టిపారెయ్యకండి. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్న నాలుగేళ్ళూ నా మాటని మిమిక్రీ చేసేవాళ్ళు, చివరికి సెమినార్ అంటే జ్వరం వచ్చినట్టుండేది. చిన్నప్పుడే మార్చేస్తే ఆ బాధుండదు. లోకం మారేదాకా పిల్ల ఆగలేదు కదా.

సర్కారు బడి టీచర్:
తమ్ముడూ, నువ్వు పడింది చిన్న బాధేం కాదు, కానీ నవ్వినవాళ్ళది తప్పయితే పిల్ల ఎందుకు మారాలి? అమ్మా, నేను పెందుర్తి వైపు ప్రైమరీ స్కూల్లో చెప్తాను. ముందు రాత వేరు, మాట వేరు అని పెట్టుకోండి. డిక్టేషన్‌లో "సేప" రాస్తే దిద్దాల్సిందే, పరీక్షలో "చేప"కే మార్కులు. కానీ మన వైపు పిల్లలు నోటికొచ్చినట్టు మాట్లాడట్లేదు, సేప, సెప్పు, సూడు, సేను, సలి, ఎక్కడ చూసినా మాట మొదట్లో చ ఉంటే స అంటున్నారు, అంటే దానికో పద్ధతుంది. "ఏటి" సంగతే చూడండి. అసలు మాట "ఏమిటి", విజయవాడ వైపు దాన్ని "ఏంటి" చేశారు, మనం "ఏటి" చేశాం, రెండూ కుదించినవే. మరి "ఏంటి మేడమ్" అంటే ఎవరూ నవ్వరేం?
నేను బోర్డు మధ్యలో గీత గీసి ఒక పక్క ఇంటి మాట, ఇంకో పక్క పుస్తకం మాట రాయిస్తాను. మాటలు పిల్లలే తెస్తారు, బేగి అంటే త్వరగా, ఆలీసం అంటే ఆలస్యం, ఎల్తన్నాను అంటే వెళ్తున్నాను. ఒక గుంటడు "లగెత్తు" అని రాసి రెండో పక్క ఏం రాయాలో తెలీక సుద్దముక్క పట్టుకుని నిలబడిపోతే వెనక బెంచీ నుంచి "పరుగెత్తు" అని అరిచారు, వాడి మొహం వెలిగిపోయింది. కొన్నాళ్ళకి రెండూ వచ్చేస్తాయి, ఒకటి ఒగ్గీయక్కర్లేదు. ఆ మేడమ్‌తో నెమ్మదిగానే మాట్లాడండి. విద్యా హక్కు చట్టం 2009, 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది, అది గుర్తుంచుకోండి, అక్కడిదాకా వెళ్ళే అవసరం రాకూడదనే నా కోరిక.

బీచ్ రోడ్డు:
ఆగస్టు 29న స్కూళ్ళలో దండేసే గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, అంటే మీ శ్రీకాకుళం జిల్లాలోనే. సవర అనే గిరిజన తెగ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకుని పుస్తకాలు రాసి బడులు పెట్టించారు. అయితే ఒకటి, తెలుగు పుస్తకాల్లో ఉండాలని ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, చదువుకున్నవాళ్ళ మాట, అది తర్వాత కృష్ణా గోదావరి వైపు మాటగా స్థిరపడింది. మన మాట గుమ్మం బయటే ఉండిపోయింది. ఆ మేడమ్ కూడా అదే చదువు చదువుకుని వచ్చారు, అందుకే ఆవిడ మీద కోపం కంటే ఈ పద్ధతి మీదే నాకు బాధ.

చోడవరం కుర్రాడు:
టీచర్ గారూ, ఏంటి ఏటి సంగతి నాకెప్పుడూ తట్టలేదండి. హాస్టల్లో ఇది తెలిసుంటే బాగుండేది.

మధురవాడ అమ్మ:
అందరికీ థాంక్సండి. నిన్న రాత్రి పాత నోట్సులో గీత గీసి అమ్మకి ఫోన్ చేశాం. ముందు పాప సిగ్గుపడింది, తర్వాత అమ్మ చెప్తూనే ఉంది, ఇది రాస్తూనే ఉంది, మొత్తం పదకొండు మాటలయ్యాయి. ఫోన్ హాల్లోనే స్పీకర్‌లో పెట్టింది. శనివారం పేరెంట్స్ మీటింగ్, ఆ నోట్సు పట్టుకెళ్తున్నా, ఆయన కూడా వస్తానన్నారు.