ఈ వారం సమస్య: "నోరు లేనట్టి నెత్తురు నూక తినెను"

తేటగీతి పాదం. మా కడపలో రాగి సంకటికి నూకలు ఉడికిస్తుంటే తట్టింది. అన్నం ఒంటబట్టే తీరు చెబుతూ పూరించండి. దోమలు, రాక్షసులు వద్దు, పోయినసారి అవే అయ్యాయి.

ప్రొద్దుటూరు మాస్టారు:

పండ్లు నమిలెను, కడుపులో పాకమయ్యె,
పేగు గోడల మొలకలు పీల్చి యిచ్చె,
చక్కెరగ మారి సిరలోన జారె మెతుకు,
నోరు లేనట్టి నెత్తురు నూక తినెను.

నంద్యాల అక్కయ్య: "పేగు గోడల మొలకలు" చాలా బాగుంది సార్. నారుమడి కళ్ల ముందు కనబడింది. ఒక్కో మొలకలో సన్నని రక్తనాళాలు ఉంటాయి కూడా. కానీ వరస తిరగబడింది. మెతుకు చక్కెరగా మారేది సిరలోకి వెళ్లాక కాదు, అంతకు ముందే. ఆ పని నోట్లో ఉమ్మితో మొదలై చిన్నపేగులో పూర్తవుతుంది. ఆ తర్వాతే పేగు పీలుస్తుంది.

మాస్టారు: నిజమేనమ్మా, తొందరపడ్డాను. మూడో పాదం తీసేసి, రెండో పాదంగా "చక్కెరై చిన్నపేగులో జారె మెతుకు" పెడతాను. మొలకల పాదం మూడోది అవుతుంది.

అనంతపురం తమ్ముడు: నా మొదటి పాదం చూడండి. "రక్తమంతయు కడుపుకే పరుగు తీసె". భోజనం చేయగానే కునుకు వచ్చేది అందుకే కదా?

నేను: ర-కు ప-తో యతి ఎట్ల కుదురుతుంది తమ్ముడూ? పైగా "అంతయు" తప్పు. తిన్నాక పేగులకు రక్తం ఎక్కువగా వెళ్తుంది, కానీ మెదడు తన వాటా వదులుకోదు. "రక్తమెక్కువ కడుపుకే రాగ" అని మొదలుపెట్టు. కునుకు సంగతి అంత గట్టిగా చెప్పొద్దు.

నంద్యాల అక్కయ్య: సంకటిలో నెయ్యి వేసుకోరా ఎవరూ? నాది ఇదిగో.

నెయ్యి తెల్లని కాలువ నెక్కి పోవ,
గంజి చక్కెర కాలేయ గడప తొక్క,
దారి రెంటికి గుండెయే తావు గాగ,
నోరు లేనట్టి నెత్తురు నూక తినెను.

నేను: అక్కా, ఇదే నాకు నచ్చింది. చక్కెర పోర్టల్ సిర పట్టుకుని నేరుగా లివర్‌కు పోతుంది. లివర్‌కు చేరే రక్తంలో సుమారు 75 శాతం ఆ దారినే వస్తుంది. కొవ్వు మాత్రం ఆ దారి పట్టదు. మొలక నడుమనున్న లింఫు నాళంలో పాలలా తెల్లగా పైకి పాకి, మెడ కింద ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. "తెల్లని కాలువ" అన్న మాటలో ఇదంతా ఇమిడిపోయింది.

మాస్టారు: అంతా బాగుంది గానీ, "కాలేయ గడప" వైరి సమాసం. సంస్కృతానికి తెలుగును అతికించారు.

అక్కయ్య: అయితే "లివరింటి గడప తొక్క". గణం సరిపోయింది, ఇప్పుడు ఏ సంస్కృతం అడ్డొస్తుందో చూస్తాను.

మాస్టారు: ఇంగ్లీషుతో వైరం లేదా!

అనంతపురం తమ్ముడు: ఒక అనుమానం అన్నా. నూక నూకగానే నెత్తుట్లో కలిస్తే ప్రాణానికే ముప్పు కదా. నెత్తురు తినేది గ్లూకోజ్. మీరిచ్చిన పాదమే తప్పు.

నేను: తప్పు కాబట్టే దాన్ని సమస్య అన్నారు నాయనా. నీ మిగతా మూడు పాదాలు ఏవీ?