మగ ఎల్క్ (పెద్ద జింక) వేటకి స్పాటింగ్ స్కోప్: 500 డాలర్లలో 65 మి.మీ. కొననా, 85 మి.మీ. కొననా?

అరోరా_కుర్రాడు:
అందరికీ నమస్కారం. నేను కొలరాడోలో, డెన్వర్ పక్కనే అరోరాలో ఉంటాను. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు వచ్చింది, ఈ అక్టోబరుకి మగ ఎల్క్ ట్యాగ్ (వేట అనుమతి) కూడా చేతికొచ్చింది. వేటలో తలపండిన ఆఫీసు స్నేహితులిద్దరు తోడు వస్తున్నారు. నాకిచ్చిన వేట ప్రాంతంలో (యూనిట్) రూల్ ఏమిటంటే, ఒక కొమ్ముకి కనీసం నాలుగు పాయలు ఉండాలి, లేదా నుదుటి మీదుగా ముందుకొచ్చే బ్రో టైన్ 5 అంగుళాలైనా ఉండాలి. లేకపోతే కాల్చకూడదు. నా 10×42 బైనాక్యులర్స్‌లో అవతలి కొండ మీద ఎల్క్ ఉందని తెలుస్తుంది గానీ, పాయలు లెక్కపెట్టడం నా వల్ల కాదు. అందుకే ఒంటికన్ను దుర్భిణి లాంటి స్పాటింగ్ స్కోప్ కొందామనుకుంటున్నా, ట్రైపాడ్‌తో కలిపి 500 డాలర్లు దాటకూడదు. ఆ డబ్బుకి ఎంత మేకమాంసం వస్తుందో మా ఆవిడ ఇప్పటికే కాగితం మీద లెక్కేసి చూపించింది. షాపులో అబ్బాయేమో 20-60×85 (20 నుంచి 60 రెట్ల జూమ్, ముందు అద్దం 85 మిల్లీమీటర్లు) తప్ప ఇంకోటి చూడొద్దంటున్నాడు. నాకు కళ్ళజోడు ఉంది. ఏది కొనమంటారు?

టెక్సాస్_మామ:
60 ఉన్నదే తీసుకో బ్రో. జూమ్ ఎంత ఉంటే అంత మంచిది.

కొండదారి:
మామగారు ఏమీ అనుకోకండి, ఈ ఒక్క విషయంలో మీ మాట వద్దంటాను.

తమ్ముడూ, ఆ 60 అనే అంకె డబ్బా మీద బాగుంటుంది. ముందు అద్దం వెడల్పుని జూమ్‌తో భాగించి చూడు, నీ కంటికి చేరే వెలుగు చుక్క ఎంతో తెలుస్తుంది. 85ని 60తో భాగిస్తే 1.4 మిల్లీమీటర్లు. ఎల్క్ మేతకి బయటికొచ్చేది తెల్లారగట్ల, మళ్ళీ సందెవేళ. ఆ మసకలో 1.4తో కనపడేది ఒక బూడిదరంగు ముద్ద, అంతే. మధ్యాహ్నం వెలుగుంటుంది కదా అంటావేమో, అప్పుడు వాలు వేడెక్కి ఎండమావి లేస్తుంది. జూమ్ పెంచితే దాన్నీ పెంచుకున్నట్టే. ఈ ధరలో ఏ స్కోప్ కొన్నా నువ్వు వాడేది 25 నుంచి 35 మధ్యలోనే.

30 దగ్గర పెడితే 85కి 2.8 వస్తుంది, 65కి 2.2. 85దే మేలు, కాదనను. కానీ 85లు చాలా వరకు ఒకటిన్నర కిలో పైన ఉంటాయి. పది వేల అడుగుల ఎత్తులో ఆ బరువు నీ వీపు మీదే ఉంటుంది. పైగా ట్రైపాడ్‌కి డబ్బు మిగలదు, అసలు గొడవంతా అక్కడే. బొమ్మ స్టాండు మీద రెండు వేల డాలర్ల స్కోప్ పెట్టినా ఎల్క్ వణుకుతూనే కనపడుతుంది. బడ్జెట్‌లో మూడోవంతు ట్రైపాడ్‌కి పక్కన పెట్టు. కింద కూర్చుని, కాళ్ళు పొట్టిగా వెడల్పుగా పెట్టి చూడు. మధ్య కడ్డీ పైకి లేపకు. దానికి బ్యాగు తగిలించు, నేలకి ఆనీ ఆనకుండా. ఫోకస్ తిప్పాక చెయ్యి తీసేసి, ఆ వణుకు ఆగాక పాయలు లెక్కపెట్టు.

16-48×65 రకంలో సెలెస్ట్రాన్ రీగల్ ఎమ్2, వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ హెచ్‌డీ రెండూ చూడు. వోర్టెక్స్ వారంటీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది కాబట్టి పాతది దొరికినా భయం లేదు. షాపుకి పొద్దుగూకే టైముకి వెళ్ళి, బయటికి తెచ్చి చూపించమను. ఆకాశం ముందు కరెంటు తీగ చూడు. తీగ అంచున ఊదారంగు గీత కనపడితే, రేపు కొమ్ము కొనలకీ అదే అంటుకుంటుంది. తర్వాత పార్కింగ్ చివర బోర్డు మీద అక్షరాలు చూస్తూ జూమ్ పెంచు. అక్షరాలు ఎక్కడ అలుక్కుపోతాయో ఆ స్కోప్ నిజమైన జూమ్ అక్కడికే.

ఇంకోటి. అవతల ఏదో కదిలిందని రైఫిల్ మీది స్కోప్‌తో చూసే అలవాటు మాత్రం వద్దు. అక్కడున్నది ఆరెంజ్ చొక్కా వేసుకున్న మనిషైతే, తుపాకీ అతనికి గురిపెట్టినట్టే.

పులికాట్_పక్షి:
మాది సూళ్లూరుపేట. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి వేట మాటే లేదు, స్కోప్ మాత్రం రోజూ వాడతాం. ఎండమావి గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. చలికాలంలో కూడా ఎండ ముదిరిందంటే పులికాట్ బురద మీద రాజహంసల గుంపు గులాబీరంగు పొగలా అయిపోతుంది. కళ్ళజోడు వాళ్ళు ఐ రిలీఫ్ (కంటికీ స్కోప్ అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం) 15 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోవాలి. రబ్బరు కప్పు కిందకి తిప్పి, కళ్ళజోడుతోనే చూడండి. చుట్టూ నల్లటి వలయం వస్తే అది మీకు పనికిరాదు.

అరోరా_కుర్రాడు:
థాంక్స్ అన్నా, 85 ఆలోచన మానేశాను. కన్ను పెట్టి చూసే గొట్టం వంపు ఉన్నది కొననా, తిన్నగా ఉన్నది కొననా? రోడ్డు మీంచి కారు కిటికీలోంచి కూడా చూద్దామని.

కొండదారి:
ఎక్కువసేపు కారులోంచే చూస్తానంటే తిన్ననిది తీసుకో, కిటికీకి బిగించే క్లాంపు దొరుకుతుంది. ఇంజన్ ఆపి చూడు, లేదంటే బండి వణుకంతా అద్దంలోకి వస్తుంది. కొండెక్కి కూర్చునేవాడివైతే వంపుదే. పై వాలు చూడ్డానికి మెడ పట్టెయ్యదు, నీ స్నేహితులు పొడుగువాళ్ళైనా ట్రైపాడ్ కదపకుండా వంగి చూసుకుంటారు. నేనైతే వంపుదే కొంటాను.