అంగం వంకర తిరుగుతోంది, పట్టు తగ్గింది: ఎవరికి చూపించాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): వయసు 53, సుగరుంది. నాలుగు నెలలుగా అంగం గట్టిపడితే పైకి వంగిపోతోంది, నొప్పి కూడా. పైభాగంలో చర్మం కింద చింతగింజంత గట్టిగా తగులుతోంది. పట్టు మధ్యలోనే పోతోంది. కేన్సరా? సంతలో ఒకాయన తైలంతో గట్టిగా మర్దిస్తే కరుగుతుందంటున్నాడు.

జవాబు 1: లక్షణాలన్నీ పెరోనీ జబ్బువే, అన్నా. అది కేన్సర్ కాదు, అంటుకునేదీ కాదు. అయినా డాక్టరు చేత్తో పట్టి చూసి ఖాయం చేయాల్సిందే. లోపల రక్తం నిండే గొట్టాల చుట్టూ సాగే పొర ఒకటుంటుంది; దాని మీద మచ్చ కడుతుంది. సైకిల్ ట్యూబుకి ప్యాచీ వేసి గాలి కొడితే అటువైపే వంగదూ, అలాగన్నమాట. తైలం వద్దే వద్దు. గట్టిగా పిసికితే ఆ పొరకి కొత్త దెబ్బ తగులుతుంది.

నొప్పి ఉండి, వంకర మారుతున్నంతకాలం జబ్బు ఇంకా నడుస్తున్నట్టే. ఇది 6 నుంచి 18 నెలలు సాగొచ్చు. ఈ దశలో ఆపరేషన్ చేయరు, నొప్పికి మాత్రలిస్తారు. విటమిన్-ఇ చాలామంది రాసేస్తారు గానీ, దానివల్ల వంకర తగ్గదు.

జవాబు 2: చర్మ, సుఖరోగాల బోర్డు చూసి వెళ్లకండి, యూరాలజిస్టు (మూత్ర, పురుషాంగ సమస్యల డాక్టరు) కావాలి. మీకు శ్రీకాకుళం మీదుగా విశాఖే దారి, అక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో యూరాలజీ ఉంది. గట్టిపడినప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి తీసుకెళ్లండి. ఓపీలో వంకర కనపడదు, మాటల్లో చెబితే డిగ్రీలు తెలియవు. (చూపించాక ఫోన్లోంచి తీసేయండి, పిల్లలు ఆడుకునే ఫోనైతే మరీను.) మూడు నెలల సుగర్ సగటు, అంటే హెచ్‌బీఏ1సీ రిపోర్టు కూడా ఉంచుకోండి. సుగర్ వల్ల పట్టు విడిగా కూడా తగ్గుతుంది.

జవాబు 3: వంకర వేరు, పట్టు వేరు. మాత్ర పట్టుకే గానీ వంకరకి కాదు. సిల్డెనాఫిల్ సాధారణంగా 50 మిల్లీగ్రాములు, గంట ముందు. నూనె వంటకాలతో భోంచేసి వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది; చాలామంది మందు పనిచేయలేదనేది ఇందుకే. గుండెకి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్లు ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది. మెడికల్ షాపువాణ్ణి కాదు, డాక్టర్నే అడగండి. నాలుగు గంటలు దాటినా మెత్తబడకపోతే నేరుగా ఎమర్జెన్సీకి.

వ్యాక్యూమ్ పంపు (గాలి లాగి అంగం గట్టిపడేలా చేసే గొట్టం) వాడితే అంగం మొదలు దగ్గర బిగించే రింగు 30 నిమిషాలకి మించి ఉంచొద్దు.

జవాబు 1 మళ్లీ: వంకర కనీసం మూడు నెలలు మారకుండా ఉంటేనే ఆపరేషన్ మాట. పట్టు బాగుండి వంకర 60 డిగ్రీల లోపైతే ఎదురువైపు కుట్లేసి సరిచేస్తారు. పొడవు కొంత తగ్గుతుందని ముందే అడిగి తెలుసుకోండి. అంతకు మించితే మచ్చ కోసి అతుకేస్తారు, దాంతో పట్టు ఇంకా తగ్గే ప్రమాదముంది. మాత్రలకీ పట్టు రాకపోతే ఇంప్లాంటు, అంటే అంగం లోపల అమర్చే కృత్రిమ పరికరం. ఈలోగా భార్య పైన ఉండే భంగిమ మానండి, జారి వంగితే పొర చిట్లుతుంది.