ప్రాంతీయ మహిళా రింగెట్ జట్టుకు రింకులో ప్రత్యేక వాటా ఉండాలా?

మాంక్టన్ వాసి:

రింగెట్ అనేది మంచు మీద స్కేట్లతో ఆడే ఆట. కెనడా తూర్పు తీరంలోని అట్లాంటిక్ ప్రాంతం తరఫున జాతీయ రింగెట్ లీగులో ఆడే మహిళా జట్టు అట్లాంటిక్ అటాక్. దాని మకాం న్యూ బ్రన్స్‌విక్‌లోని మా మాంక్టన్, డియెప్ పట్టణాల్లోనే. ఏటా శీతాకాలానికి ముందు మునిసిపల్ రింకులు (మంచు పరిచిన ఆటస్థలాలు) వాడుకునే గంటలను క్రీడా సంఘాలకు పంచే వేళకు ఇక్కడి తల్లిదండ్రుల మధ్య ఒక వాదన లేస్తుంది. ఆడపిల్లలు హాకీ (ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీయే) ఆడటానికి ఇప్పుడు అడ్డేమీ లేనప్పుడు, వాళ్ళకోసం ఇంకొక ఆట, ఆ ఆటకు పెద్దవాళ్ళ జట్టు, ఆ జట్టుకు మంచి వేళల్లో రింకు, ఇవన్నీ అవసరమా అన్నది ఆ వాదన. అవసరమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పి, మీ అభిప్రాయాలు తెలుసుకోవడానికి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

రింగెట్ చూడనివారి కోసం ముందుగా ఆట సంగతి. హాకీ రింకులోనే, స్కేట్ల మీదే ఆడతారు. గోల్ కీపర్ కాక జట్టుకు ఐదుగురు. హాకీలో వాడే పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళకు బదులు నడుమ ఖాళీగా ఉండే రబ్బరు రింగు, చివర వంపు లేని తిన్నని కర్ర. కర్ర మొనను రింగులో దూర్చి మంచు మీద నడిపించుకుపోతారు. అయితే రింగు తన దగ్గరున్న క్రీడాకారిణి దానితో సహా, రింకును భాగాలుగా విడదీసే బ్లూ లైన్ దాటకూడదు. గీతకు అవతలనున్న తోటి క్రీడాకారిణికి అందించి తీరాలి. గోల్‌కు దగ్గరగా ఉండే భాగంలోకి మామూలుగా ఒక్కో జట్టు నుంచి ముగ్గురే వెళ్ళగలరు. రింగు చేజిక్కిన 30 సెకన్లలోగా గోల్‌కేసి కొట్టాలి. ఈ నియమాలన్నీ కలిసి ఏం చేస్తాయంటే, ఎంత గొప్ప క్రీడాకారిణి అయినా ఒంటరిగా ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయి గోల్ కొట్టడాన్ని అసాధ్యం చేస్తాయి. జట్టులో అందరికన్నా నెమ్మదిగా సాగే పిల్లకు కూడా రింగు అందక తప్పదు. ఈ గుణం నేను మరే మంచు ఆటలోనూ చూడలేదు.

1963లో ఒంటారియోలోని నార్త్ బే పట్టణంలో పార్కులు, వినోద శాఖ బాధ్యతలు చూసే శామ్ జాక్స్ ఈ ఆటను ఊహించారు. ఎస్పానోలాలో అదే తరహా ఉద్యోగంలో ఉన్న రెడ్ మెకార్తీ తొలి నియమాలు కూర్చారు; మొదటి ఆట కూడా ఎస్పానోలాలోనే జరిగింది. పట్టణాల రింకులన్నీ అబ్బాయిల చేతుల్లో ఉన్న ఆ రోజుల్లో శీతాకాలమంతా ఆడపిల్లలు ఏం ఆడాలన్న ప్రశ్నకు ఇద్దరు పట్టణ ఉద్యోగులు ఇచ్చిన సమాధానం ఇది. కనుక రింగెట్‌కు రింకు గంటలివ్వడం మునిసిపాలిటీలు చేసే దయేమీ కాదు. ఈ ఆట పుట్టిందే పట్టణ వినోద శాఖ పనిలో భాగంగా.

ఇప్పుడు పెద్దవాళ్ళ జట్టు విషయం. మా ఊరిలో జూనియర్ హాకీ ఆడే యువకుల జట్టు వైల్డ్‌క్యాట్స్‌కు 2018లో తెరిచిన అవెనీర్ సెంటర్ ఉంది, వేలమంది ప్రేక్షకులు ఉన్నారు. రింగెట్ జట్టులో ఎవరికీ జీతం లేదు. పగలు చదువులో, ఉద్యోగమో చేసుకుంటూ సాయంత్రం సాధన చేస్తారు. మాంట్రియల్ జట్టుతో వాళ్ళ ఊరిలో ఆడాలంటే దాదాపు 1000 కిలోమీటర్ల ప్రయాణం. ఇంత శ్రమపడే ఈ మహిళలే ఇక్కడి చిన్నారుల జట్లకు కోచ్‌లుగా, రిఫరీలుగా దొరుకుతున్నారు. వాళ్ళకు రాత్రి పదిన్నర దాటాక మిగిలిన గంటలు మాత్రమే ఇస్తే, రెండు మూడేళ్ళలో జట్టు సన్నగిల్లుతుంది. జట్టు పోతే పదేళ్ళ పిల్లలకు నేర్పేవారు పోతారు.

బ్రాంప్టన్ తండ్రి:

మాంక్టన్ వాసి గారూ, మీ అభిమానాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మా అమ్మాయి హాకీ ఆడుతుంది. రింకు గంట ధర ఎంతో, అది దొరకడం ఎంత కష్టమో నాకు ప్రతి నెలా తెలుస్తూనే ఉంటుంది.

మీరు చెప్పిన చరిత్రనే ఇంకొక వైపు నుంచి చూడండి. ఆడపిల్లలను హాకీలోకి రానివ్వని కాలంలో, వాళ్ళకు వేరుగా ఒక ఆట కల్పించి ఇచ్చారు. 1980లలో జస్టిన్ బ్లెయినీ అనే టొరంటో బాలిక అబ్బాయిల జట్టులో చోటు సంపాదించుకుని కూడా ఆడనివ్వకపోతే న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది. క్రీడల్లో అటువంటి వివక్షకు వీలిచ్చిన చట్ట నిబంధన చెల్లదని ఒంటారియో అప్పీలు కోర్టు 1986లో తేల్చింది. 1990లో ఒట్టావాలో మహిళా హాకీ మొదటి ప్రపంచ పోటీలు, 1998లో నగానోలో ఒలింపిక్ ప్రవేశం, 2024 జనవరిలో జీతాలిచ్చే మహిళా ప్రొఫెషనల్ లీగు. తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. విశ్వవిద్యాలయాల జాతీయ పోటీల్లో మహిళా హాకీ ఉంది, దానివెంట స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. ఆ పోటీల జాబితాలో రింగెట్ లేదు. ఒలింపిక్స్‌లో లేదు. గట్టిగా ఆడే దేశాలు కెనడా, ఫిన్లాండ్ రెండే.

వలస వచ్చిన మన కుటుంబాలు పిల్లల ఆటకోసం పెట్టే డబ్బు, సమయం తక్కువేమీ కాదు. పదేళ్ళు సాధన చేసిన పిల్లకు చివరికి ఏ దారీ కనపడని ఆటలో ఎందుకు పెట్టాలి? జూడీ డిడక్ వంటి క్రీడాకారిణి రింగెట్ నుంచి హాకీకి మారి నగానోలో కెనడాకు రజతం గెలిచిన జట్టులో ఆడింది. ప్రతిభ ఉన్నవారు ఎటు వెళ్తారో ఆ ఉదాహరణే చెబుతుంది. ఉన్న కొద్దిమంది ఆడపిల్లలను రెండు ఆటల మధ్య పంచుకుంటే, చిన్న ప్రావిన్సుల్లో రెండూ బలహీనపడతాయి.

కాల్గరీ రిఫరీ:

ఇక్కడ తరచు వచ్చే ఒక వాదనను ముందే పక్కన పెడదాం. రింగెట్‌లో కావాలని ఒంటితో ఢీకొడితే పెనాల్టీ కాబట్టి అది హాకీకన్నా ఆడపిల్లలకు సురక్షితమని కొందరు అంటారు. 1990 ప్రపంచ పోటీల తరువాత మహిళా హాకీలోనూ ఒంటితో గుద్ది ఆపడాన్ని నిషేధించారు. అటువంటప్పుడు భద్రత పేరుతో రింగెట్‌ను సమర్థిస్తే, సున్నితమైన పిల్లల ఆట అన్న పాత చిన్నచూపునే మళ్ళీ అంటగట్టినవాళ్ళమవుతాం. వేగంలో ఈ ఆట హాకీకి ఏమాత్రం తీసిపోదు. కర్ర పట్టే తీరు, పాస్ అందుకునే కోణం, కీపర్‌కు తప్ప ఎవరికీ ప్రవేశం లేని గోల్ వలయం, ఇవన్నీ వేరు. ఇందులో ఆరితేరిన పిల్లను హాకీకి పంపితే స్కేటింగ్ పనికొస్తుంది గానీ మిగతాది మొదటి నుంచి నేర్చుకోవలసిందే.

గుంటూరు పీఈటీ:

నేను మంచు రింకును చూసినవాణ్ణి కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. మా అబ్బాయి కెనడాలో ఉండటం వల్ల ఈ చర్చ నా కంటపడింది. బ్రాంప్టన్ తండ్రి గారు లేవనెత్తిన ప్రశ్న నాకు బాగా పరిచయమైనదే కనుక రాస్తున్నాను.

మన బడుల్లో ఆడపిల్లల చేతికి వచ్చే ఆటలు త్రోబాల్, టెన్నికాయిట్, ఖోఖో. టెన్నికాయిట్ కూడా రబ్బరు రింగుతో ఆడేదే. వలకు ఇటూ అటూ నిలబడి గాలిలో విసిరి పట్టుకుంటారు. ఆ ఆటలో మా పిల్లల చురుకుదనం, మణికట్టు పనితనం చూసినవారెవరూ దాన్ని తక్కువ ఆట అనరు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో మండలం దాటి, జిల్లా దాటి, రాష్ట్ర స్థాయికి వెళ్ళినవారు ఉన్నారు. కానీ పదో తరగతి, మహా అయితే ఇంటర్ అయ్యేసరికి అక్కడితో ఆగిపోయేది. ఎందుకు? ఆట చిన్నదని కాదు. పాతికేళ్ళ స్త్రీ ఆ ఆట ఆడుతుండగా ఆ పిల్లలు తమ ఊరిలో ఎన్నడూ చూడలేదు. అబ్బాయిలకైతే ఊరి కబడ్డీ జట్టు ఉంటుంది. పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు కూడా సంక్రాంతికి పోటీల్లో దిగుతారు, వెనకాల కుర్రవాళ్ళు చూస్తూ నేర్చుకుంటారు. ఆడపిల్లలకు అటువంటి దృశ్యం కరువైంది. ఏటా బడిలో కొత్త పిల్లలకు మొదటి నుంచి నేర్పడమే తప్ప, ఆడి పెరిగిన స్త్రీ తిరిగి వచ్చి మైదానంలో నిలబడి నేర్పడం నా ఉద్యోగకాలంలో చాలా అరుదుగా జరిగింది.

అందుచేత మాంక్టన్ వాసి గారి మాట నాకు వెంటనే అర్థమైంది. పెద్దవాళ్ళ మహిళా జట్టు ఒక్కటి ఆ ప్రాంతంలో నిలబడి ఉండటం, స్కాలర్‌షిప్‌కు దారి ఉందా లేదా అన్నదానికన్నా ముందు విషయం. బ్రాంప్టన్ తండ్రి గారికి ఒక మనవి. పదేళ్ళు ఆడిన తరువాత దారి ఏదని అడిగారు. హాకీ ఆడే పిల్లల్లో కూడా జీతమిచ్చే లీగుకు చేరేవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినవారే కదా. మిగిలినవారికి ముప్పై ఏళ్ళ వయసులోనూ వారానికి రెండు సాయంత్రాలు ఆడుకునే జట్టు దొరకడమే అసలు దారి. మా టెన్నికాయిట్ పిల్లలకు అది దొరకలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

బ్రాంప్టన్ తండ్రి:

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెద్దవాళ్ళ జట్టు చూసి పిల్లలు ఆటలో నిలుస్తారన్నది ఒప్పుకుంటాను. మా అమ్మాయి కూడా టీవీలో కన్నా పక్క రింకులో పెద్ద అమ్మాయిల ఆట చూసే ఎక్కువ నేర్చుకుంది. కానీ నా అభ్యంతరం పూర్తిగా తీరలేదు. ఇది ప్రాంతీయ జట్టు. పక్క ప్రావిన్సులోని హాలిఫాక్స్‌లో ఉండే క్రీడాకారిణి సాధనకు రావాలంటే 260 కిలోమీటర్లు; ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోని షార్లట్‌టౌన్ నుంచి అయితే వంతెన దాటి 160కి పైగా. అటువంటి ఎంపిక జట్టుకు ఒక పట్టణం తన పన్నుదారుల గంటలు ఎందుకివ్వాలి? పట్టణంలోని పిల్లలకు నేరుగా ఇవ్వవచ్చు కదా. పైగా, మూలం వివక్షలో ఉన్నదన్న మాటకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

మాంక్టన్ వాసి:

రెండో ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. 1895లో అమెరికాలో విలియం మోర్గన్ వాలీబాల్‌ను తయారుచేసింది, బాస్కెట్‌బాల్ శ్రమ తట్టుకోలేని నడివయసు మగవాళ్ళ కోసం. ఆ కారణం చూపి వాలీబాల్‌ను బాస్కెట్‌బాల్‌లో కలిపేయమని ఈరోజు ఎవరూ అడగరు. ఆట ఎందుకు పుట్టిందన్నది ఒకటి, అరవై ఏళ్ళలో ఆడినవాళ్ళు దాన్ని ఎక్కడికి తీసుకువెళ్ళారన్నది మరొకటి. శామ్ జాక్స్ 1975లో మరణించిన తరువాత ఆయన భార్య ఆగ్నెస్ జాక్స్ దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి ఈ ఆటను నిలబెట్టారు. 2002లో ఆమెకు ఆర్డర్ ఆఫ్ కెనడా గౌరవం దక్కింది. 1990లో హాకీ ప్రపంచ పోటీలు ఒట్టావాలో జరిగాయని మీరు గుర్తు చేశారు. అదే ఏడాది ఆ పక్కనే గ్లాస్టర్‌లో రింగెట్ మొదటి ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. మరుసటి ఏడాది ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో జరిగిన కెనడా శీతాకాల క్రీడల్లో రింగెట్ తొలిసారి చేరింది. ఆడవాళ్ళే ఆడి, నడిపి, నియమాలు మెరుగుపరుచుకున్న ఆట ఇది. ఒకప్పుడు హాకీ నుంచి దూరం పెట్టినందుకు పరిహారంగా, వాళ్ళు సొంతంగా కట్టుకున్నదాన్ని ఇప్పుడు తీసేయడం నాకు న్యాయంగా తోచదు.

ఇక ప్రాంతీయ జట్టు సంగతి. 1979లో జుహానీ వాల్‌స్టెన్ అనే పాత హాకీ ఆటగాడు ఈ ఆటను ఫిన్లాండ్‌లోని టుర్కుకు తీసుకువెళ్ళారు. కెనడాకన్నా ఎంతో చిన్నదైన ఆ దేశం 2004 నుంచి 2022 వరకు ప్రతి ప్రపంచ పోటీలోనూ గెలిచింది. అక్కడ లువియా అని మూడు వేల పైచిలుకు జనాభా ఉన్న చిన్న మునిసిపాలిటీ ఉండేది. 2017లో పక్క మునిసిపాలిటీలో కలిసిపోయింది. దేశంలోని అగ్రశ్రేణి మహిళా లీగులో విజేతగా నిలిచిన లూకి-82 జట్టు ఆ ఊరిదే. పెద్ద నగరాల జట్ల నడుమ అంత చిన్న చోటు నిలబడగలిగిందంటే, ఊరి పిల్లల జట్టు, పెద్దవాళ్ళ జట్టు వేరువేరు వ్యవహారాలుగా కాక ఒకే క్లబ్బుగా సాగడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. మా అట్లాంటిక్ ప్రావిన్సుల్లో ఒక్కో పట్టణానికి పెద్దవాళ్ళ జట్టు నిలపగలిగినంత మంది లేరు. అందుకే అందరికీ కలిపి ఒక్కటి. దూరం నుంచి వచ్చేవారున్నారని దాన్ని పరాయిదిగా చూస్తే, చిన్న ప్రావిన్సుల అమ్మాయిలు పద్దెనిమిది దాటగానే మాంట్రియల్‌కో ఒట్టావాకో వెళ్ళాలి, లేదా మానుకోవాలి.

అయితే పన్నుదారుల గంటలకు బదులేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. నా ప్రతిపాదన ఇది. వారానికి ఒక సాయంత్రం, తొమ్మిది గంటలలోపు మొదలయ్యే వేళ, జట్టుకు ఖాయంగా ఇవ్వాలి. కొత్త కట్టడమేదీ అక్కర్లేదు. ఉన్న రింకే చాలు. బదులుగా సీజన్ పొడవునా జట్టులోని వారు వంతులవారీగా పట్టణ బాలికల జట్లకు శిక్షణ ఇవ్వాలి, ఆ సాధనలకు హాకీ ఆడే అమ్మాయిలను కూడా రానివ్వాలి. సొంత ఊరి ఆటలకు పన్నెండేళ్ళలోపు పిల్లలకు టికెట్ ఉండకూడదు. రెండు సీజన్ల తరువాత బాలికల నమోదు సంఖ్య పెరిగిందా తగ్గిందా చూసి, మునిసిపాలిటీ మళ్ళీ నిర్ణయించుకోవచ్చు.

బ్రాంప్టన్ తండ్రి:

హాకీ పిల్లలను కూడా ఆ సాధనలకు రానిచ్చేటట్లయితే నాకు అభ్యంతరం లేదు. కానీ రెండు సీజన్లు చాలవు. ఎనిమిదేళ్ళ పిల్ల ఆటలో చేరి, నిలుస్తుందో లేదో తేలడానికి కనీసం నాలుగైనా పడతాయి. మీ మునిసిపాలిటీకి రాసేటప్పుడు ఆ గడువు మార్చి రాయండి.