కాలనీ పార్కు స్థలంలో కమ్యూనిటీ హాలు కట్టవచ్చా?

ప్రశ్న (కాలనీ వాసి):
మా లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలంలో సగం కమ్యూనిటీ హాలుకు కేటాయించాలని సంక్షేమ సంఘం ప్రతిపాదించింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీనిపై ఓటింగు ఉంది. ఫంక్షన్ హాళ్ల అద్దెలు భరించలేని కుటుంబాలు మా కాలనీలో చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రతిపాదనను నేను తేలికగా తోసిపుచ్చలేకపోతున్నాను. తెలిసినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

హాలును సమర్థించే సభ్యుడు:
కట్టవచ్చుననే నా అభిప్రాయం. పార్కులో చెట్లు, పచ్చిక తప్ప మరేమీ ఉండరాదనే నియమాన్ని చరిత్ర ఎక్కడా పాటించలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జూబ్లీ హాలు, పురావస్తు మ్యూజియం, జవహర్ బాలభవన్, లలిత కళాతోరణం ఉన్నాయి. అక్కడే 1913లో టౌన్‌హాలుగా ప్రారంభమైన భవనం తరువాత శాసనసభ అయింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన కాల్వర్ట్ వాక్స్, ఆ పార్కులోనే 1880లో తెరిచిన మెట్రోపాలిటన్ మ్యూజియం భవనాన్ని రూపొందించడంలోనూ భాగస్వామి. పొద్దున నడకకు వచ్చే కొద్దిమంది కోసం స్థలమంతా ఉంచి, ఆడపిల్ల పెళ్లికి అప్పు చేసే తండ్రిని పట్టించుకోకపోవడం న్యాయం కాదు.

పార్కును పార్కుగానే ఉంచాలనే సభ్యురాలు:
పై మిత్రుడి ఆవేదన నిజమైనదే, కానీ ఆయన చూపిన ఉదాహరణలు ఇక్కడికి వర్తించవు. సెంట్రల్ పార్కు విస్తీర్ణం 843 ఎకరాలు. అందులో ఒక మ్యూజియం నిలిచినా పార్కు మిగులుతుంది. కొన్ని వందల గజాల కాలనీ పార్కులో సగం పోతే మిగిలేది హాలుకు వచ్చేవారి బండ్లు నిలిపే చోటు మాత్రమే. శాసనసభ ప్రాంగణంలోకి ఈనాడు ఎవరైనా నడకకు వెళ్లగలరా? భవనం వచ్చాక ప్రహరీ, కాపలా, అనుమతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

అసలు ప్రజా పార్కు ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకోవాలి. పారిశ్రామిక పట్టణాల్లో శ్రమజీవులకు నడవడానికి కూడా ఖాళీ చోటు లేకుండా పోతోందని బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి 1833లోనే నివేదించింది. ఆ తరువాత 1847లో ప్రజాధనంతో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్ పట్టణంలో బర్కెన్‌హెడ్ పార్కు తెరుచుకుంది. జోసెఫ్ ప్యాక్స్టన్ రూపొందించిన ఆ పార్కు ఖర్చును చుట్టూ ఉన్న స్థలాలను ఇళ్లకు అమ్మి రాబట్టుకోవాలని తలపెట్టారు. మన లేఅవుట్లలోనూ జరిగేది ఇదే. పార్కు కోసం వదిలిన స్థలం ఖరీదును ప్లాట్లు కొన్నవారే తమ ధరలో కలిపి చెల్లించారు. స్థలం మాత్రం దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు చేరుతుంది. దాన్ని పంచిపెట్టే అధికారం సంఘానికి ఎక్కడిది?

బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ఒక వైద్య ట్రస్టుకు ఆసుపత్రి కోసం ఇచ్చినప్పుడు, స్థానికులు కోర్టుకు వెళ్లారు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పునిచ్చింది. ఆసుపత్రికే చోటు దక్కనప్పుడు పెళ్లి మండపానికి ఎలా దక్కుతుంది?

హాలును సమర్థించే సభ్యుడు:
ఆ కేసులో స్థలం ప్రైవేటు ట్రస్టుకు వెళ్లింది. ఇక్కడ హాలు అందరి ఆస్తిగానే ఉంటుంది కదా.

పార్కును పార్కుగానే ఉంచాలనే సభ్యురాలు:
కాగితం మీద అందరిదే. కానీ బుకింగు ఉన్న రోజున అది ఆ ఒక్క కుటుంబానిది. పక్క బస్తీ పిల్లవాడు, ఇంటిపని ముగించుకుని కాసేపు కూర్చోదలచిన పనిమనిషి, కోడలి ఇంట్లో ఊపిరాడని ముసలమ్మ ఎవరినీ అడగకుండా, పైసా చెల్లించకుండా వచ్చి కూర్చోగలిగేది పార్కులోనే. వారిలో ఎవరికీ మీ సమావేశంలో ఓటు లేదు, ఈ ప్రతిపాదనలో నన్ను అన్నిటికంటే బాధిస్తున్నది అదే. ఓటింగుకు ముందు మంజూరైన లేఅవుట్ నకలును, దానపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద మునిసిపల్ కార్యాలయం నుంచి తెప్పించండి.

ప్రశ్న (కాలనీ వాసి):
దరఖాస్తు రేపే పెడతాను. పగలంతా మా పార్కు గేటుకు వేసే తాళం తీయించాలన్న తీర్మానాన్ని కూడా అజెండాలో చేర్పిస్తాను. అయితే అద్దెల సమస్య అలాగే ఉంది. సెలవు రోజుల్లో ప్రభుత్వ పాఠశాల ప్రాంగణాన్ని శుభకార్యాలకు అడిగే వీలుందేమో, ఆ అనుమతి ఎవరిని కోరాలో అనుభవం ఉన్నవారు తెలియజేయండి.